మంచు తీసేసిన సముద్రం

అక్టోబరు 6, సోమవారం

యాసీన్ బాగున్నాడా? బాగున్నాడు. మోకాలి నొప్పి కాస్త తగ్గింది గానీ అంగట్లో తాళ్ల చుట్టలు ఎత్తవద్దంటే వినడు. షాహనా బాగుందా? తలనొప్పి అని మధ్యాహ్నం మాత్ర వేసుకుంది, నాలుగు మెతుకులు తిని వేసుకోమంటే కోడలు అత్త మాట వింటుందా. సాహిరా బాగుందా? మెడ పట్టేసిందట. పగలంతా ఆఫీసు పని, సాయంత్రం ఆట, ఆ కంప్యూటరు ముందు కొంగలాగా మెడ చాచి కూర్చుంటే పట్టక ఏం చేస్తుంది. పక్కింటి నాగులమ్మకు షుగరు అదుపులో ఉందట. నమ్మడానికి లేదు, నిన్న జిలేబీ తింటూ కనబడింది. మేకపిల్ల రెండు పూటలుగా సరిగా మేయడం లేదు.

ఇంట్లో బాగాలేనిది బల్బు ఒక్కటే. మసకగా వెలుగుతోంది.

నేను చదివింది అయిదో తరగతి, రాసింది ఉత్తరాలు. పెళ్లయి మైపాడు వచ్చాక బోగోలులో ఉన్న మా అమ్మకు రాసేదాన్ని. అందుకే ఇప్పటికీ అందరి ఆరోగ్యం అడగందే చెయ్యి సాగదు. ఈ డైరీ నా మనవరాలు సాహిరా ఇచ్చింది. "జేజీ, నీ దిగుళ్లన్నీ దీంట్లో రాసుకో. మా చెవులకి కొంచెం రెస్టు," అని నవ్వింది. దానికి నోరెక్కువ, వాళ్ల తాత పోలిక.

పొద్దున యాసీన్ మళ్లీ కంటి ఆసుపత్రి మాట ఎత్తాడు. "అమా, రెండేళ్ల నించీ చెప్తుండా. కళ్లజోళ్లాయన గూడా శుక్లాలు ముదురుతుండాయని చెప్పె గదా. ఆపరేషను చేయించుకుంటే పోద్ది."

"నాకు బాగానే కనపడతుండాది. నువ్వు ముందు బల్బు మార్చు," అన్నాను.

అక్టోబరు 8, బుధవారం

బల్బు మార్చాడు. ఇది కూడా అలాంటిదే తెచ్చాడు.

అక్టోబరు 9, గురువారం

సాహిరా ఆడే ఆట ఈరోజు పక్కన కూర్చుని చూశాను. ఇన్నాళ్లూ ఏదో కాల్చుకోవడం అనుకుని లోపలికి పోయేదాన్ని కాదు. ఇది వేరు. పాతకాలపు యుద్ధం. సముద్రం, నీళ్ల కింద పోయే సబ్‌మెరైను. అందులో కూర్చుని ఒక గొట్టం పైకి లేపుతారు, గొట్టంలోనుంచి చూస్తే పైన పోతున్న ఓడ కనబడుతుంది. దాన్ని టార్పెడోతో కొట్టాలి. టార్పెడో అంటే చేపలాగా నీళ్లలో ఈదుకుంటూ పోయి తగిలే బాంబు.

కొట్టడం అంటే మీట నొక్కడమే గదా అనుకున్నాను. కాదట. సాహిరా చెప్పింది: "కంప్యూటరే గురి చూసి పెట్టే పద్ధతొకటి ఉంది జేజీ. దాన్ని నేను తీసేసినా. అది ఉంటే చిన్నపిల్లోళ్లు గూడా కొడతారు."

"తీసేస్తే?"

"మూడు సంగతులు మనమే చూసుకోవాల. ఓడ ఎంత దూరంలో ఉండాది, ముక్కు ఎటు పెట్టుండాది, ఎంత వేగంగా పోతుండాది. మూడిట్లో ఒకటి తప్పినా టార్పెడో తోక వెనకమ్మటే పోద్ది."

గొట్టంలో గీతలు ఉన్నాయి. ఓడ మీది స్తంభం ఎత్తు ముందే తెలుసు గనుక, అది ఎన్ని గీతలు అందుకుందో చూస్తే దూరం తెలిసిపోతుందట. ఓడ ముక్కు ఒక గీత దాటినప్పటినుంచీ తోక దాటేదాకా గడియారం చూస్తే వేగం. అన్నీ చూసుకుని, ఓడ ఉన్నచోటికి కాదు, టార్పెడో పోయి చేరేసరికి ఓడ ఎక్కడుంటుందో అక్కడికి కొట్టాలి. అంటే ఏమీ లేని నీళ్లమీదికి గురి పెట్టాలి! నాకు భలే విచిత్రంగా అనిపించింది.

వదిలిన తర్వాత చాలాసేపు ఏమీ జరగదు. సాహిరా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాకే కాళ్లు చేతులు ఆడలేదు. "ఏదో ఒకటి చెయ్యవే," అన్నాను. "చేసేదేమీ లేదు జేజీ, చూస్తా ఉండడమే," అంది. తర్వాత ధన్‌మని మోత. నేను కుర్చీలోనుంచి లేచిపోయాను.

"మునిగిందీ!" అని అరిచింది సాహిరా.

"ఒరిగింది అను," అని కసిరాను. వాళ్ల తాత అల్లాబక్షు పడవల ఇంజన్లు బాగు చేసేవాడు. ఇంజను మోసుకొచ్చినవాళ్లు వసారాలో కూర్చుని ఉండగా ఆ అపశకునపు మాట మా ఇంట్లో ఎవరినోటా రాకూడదు. తొట్టిలో చెంబు పడిపోయినా ఒరిగింది అనేవాళ్లం. ఆయన పోయి ఆరేళ్లయినా నా ఇంట్లో అదే పద్ధతి.

ఆ సముద్రంమీద మంచు బాగా ఎక్కువగా ఉంది. "ఆ మంచు తీసెయ్యరాదా," అన్నాను. అలాగే తీసేస్తాలే అంది.

అక్టోబరు 11, శనివారం

నావల్ల సాహిరా ఓడిపోయింది.

ఓడ ముక్కు ఉత్తరానికి ఉందని అది ఉత్తరానికే లెక్క వేస్తోంది. నేను ఊరుకోలేదు. "ముక్కు చూసి మోసపోవాకే. ఈ నెలల్లో నీళ్లు దక్షిణానికి లాగుతాయి. మన పడవలు చూడు, ముక్కు ఉత్తరానికి పెట్టుకుని వస్తాయా, వచ్చి తగిలేది నేరుగా మన ఇంటి ఎదురుగ్గా. నువ్వు కొంచెం దక్షిణానికి జరుపు."

పెళ్లయినప్పటినుంచీ ఈ ఒడ్డున పడవలు చూస్తున్నదాన్ని. అది కూడా నిజమే గదా అనుకుని జరిపింది. టార్పెడో ఓడ తోక వెనకగా, తగుదునమ్మా అని తన దారిన తాను పోయింది. కాపలా ఓడ ఒకటి వచ్చి పైనుంచి డబ్బాలు డబ్బాలు బాంబులు వేసింది. మా సబ్‌మెరైనే ఒరిగింది.

సాహిరా నెత్తి పట్టుకుంది. "జేజీ! ఈ సముద్రంలో నీళ్లు లాగవు. ఆట చేసినోళ్లు ఆ లాగుడు పెట్టలా."

"లాగకుండా ఉంటే అది సముద్రమెట్లా అవుద్ది, గుంట!" అన్నాను. షాహనా వంటింట్లోనుంచి వచ్చి, "అత్తా, మీరిద్దరూ కలిసి ఇంట్లో గోడలు కూలుస్తారేమో," అంది. ముగ్గురం నవ్వుకున్నాం. కానీ పడుకున్నాక గుర్తొచ్చి బెంగ పట్టుకుంది. తెలిసిందే చెప్పాను. తెలిసింది చెప్పినా తప్పింది.

అక్టోబరు 13, సోమవారం

ఆ ఓడల్లో మనుషులు ఉండరట. ఉత్త బొమ్మలేనట. నేను అడగలేదు, అదే చెప్పింది.

అక్టోబరు 15, బుధవారం

ఈరోజు ఒకటి అడిగాను. "అన్నీ సరిగ్గానే చూసి వదిలినావనుకో. వదిలినాక ఓడ ఉన్నట్టుండి పక్కకి తిరిగితే?"

"తప్పిపోద్ది."

"ఏం చెయ్యలేవా?"

"వదిలినాక చేసేదేముంది జేజీ. కొన్ని ఓడలు కావాలనే వంకరటింకర తిరుగుతా పోతాయి, ఎవరూ కొట్టకూడదని."

"మరి అట్టాంటిదాన్ని కొట్టేదెట్టా?"

"దగ్గరికి పోవాల. లేకపోతే అది నిలబడిపోయేదాకా చూడాల. ఏంది జేజీ, నువ్వు ఆడతావా ఏంది?"

తెలుసుకుందామని అడిగాను, అంతే. ముసలిదానికి తెలుసుకోవాలని ఉండకూడదా.

మధ్యాహ్నం నాగులమ్మ వచ్చింది. ఎండుచేపలు ఆరబోసి చేతులు కడుక్కోకుండానే నా మంచంమీద కూర్చుంది. ఆమెకు నిరుడు కంటి ఆపరేషన్ అయింది. ఇప్పుడు సూదిలో దారం ఎక్కిస్తుంది. "మెలకువగానే ఉంటాం బీజానక్కా. మత్తిచ్చి నిద్రపుచ్చేది లేదు. కదలొద్దు తల్లీ, కదలొద్దు తల్లీ అంటానే ఉండె ఆ డాక్టరమ్మ. నేనైతే కొయ్యలాగా పడుకుంటిని."

ఆమె కొయ్యలాగా పడుకుంటుంది. తుఫానులో కూడా గురక పెట్టే మనిషి. నేను బల్లి అరిస్తే ఉలిక్కిపడతాను. కుక్కరు కూస్తే చేతిలో గిన్నె వదిలేస్తాను. కంట్లో పనిముట్టు ఉండగా నేను ఉలిక్కిపడితే?

మేకపిల్ల ఇంకా సరిగా మేయడం లేదు.

అక్టోబరు 17, శుక్రవారం

యాసీన్ వాకిట్లో నిలబడి ఉంటే, "మోకాలు బాగలేనోడివి ఆ బరువెందుకు ఎత్తినావురా, నీకు బుద్ధి ఎప్పుడొస్తాది," అని బాగా తిట్టాను. అతను గ్యాసు సిలిండరు తెచ్చినతను. "సరేమ్మా, ఇంక ఎత్తనులే, నువ్వే లోపల పెట్టుకో," అని నవ్వాడు. యాసీన్‌కు కూడా అలాంటి నీలం చొక్కానే ఉంది. ఎవరైనా పొరబడతారు.

యాసీన్ వచ్చాక షాహనా చెప్పేసింది. వాడు నవ్వలేదు. నన్ను చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఆసుపత్రి మాట ఎత్తకుండానే అన్నానికి కూర్చున్నాడు. ఎత్తి ఉంటేనే బాగుండేది.

అక్టోబరు 19, ఆదివారం

సాహిరా నన్నే గొట్టం ముందు కూర్చోబెట్టింది. "నువ్వు చూసి చెప్పు, నేను వదులుతా," అంది. ఎలుక అంటారే, ఆ మౌసు చేతికిచ్చింది. దాన్ని జరిపితే గొట్టం తిరుగుతుంది. కాసేపటికి ఓడ దొరికింది. నా అంతట నేనే పట్టుకున్నాను! పొగ గొట్టం, వెనక స్తంభం. ఒళ్లంతా ఉత్సాహం వచ్చింది.

వాళ్ల తాత ఇంజను షాఫ్టు వంకర చూడడానికి ఒక కన్ను మూసి, రెండో కంటితో పొడుగునా చూసేవాడు. అలా చూస్తేనే గురి కుదురుతుంది అనేవాడు. అది గుర్తొచ్చి నేనూ ఎడమ కన్ను మూసి చూశాను.

కరెంటు పోయింది. ఆట ఆపేశాం.

కరెంటు పోలేదు.

ఎడమ కన్ను మూస్తే ఓడ లేదు. సముద్రం లేదు. కంప్యూటరు కూడా లేదు. గంజిలోనుంచి చూసినట్టు తెల్లగా ఉంది. తెరిస్తే అన్నీ ఉన్నాయి. మళ్లీ మూశాను, మళ్లీ లేవు. "కుడివైపు జరగతా ఉందా జేజీ, ఎడమవైపా?" అని సాహిరా అడుగుతోంది. ఎడమ అని చెప్పేసి నమాజుకు పొద్దుపోయిందని లేచి వచ్చేశాను.

అక్టోబరు 20, సోమవారం

తెల్లారాక ఒడ్డుకు పోయాను. ఎడమ కంటికి కొంగు అడ్డం పెట్టుకుని సముద్రం చూశాను. ఈరోజు ఒక్క పడవ కూడా పోలేదు.

నాగులమ్మ గంప ఎత్తుకుని వస్తూ, "ఏందక్కా, ముఖాన కొంగేసుకుని నిలబడినావు? ఎవురితో సిగ్గు?" అంది.

"పడవలు పోలేదేం?"

"పోలేదేంది! అన్నీ నీళ్లమీదనే ఉండాయి గదా, నీ ముక్కు కెదురుగ్గా."

అక్టోబరు 21, మంగళవారం

మేకపిల్ల మేసింది.

అక్టోబరు 23, గురువారం

ఎవరికీ చెప్పలేదు. చెబితే తీసుకుపోతారు. తీసుకుపోతే పడుకోబెడతారు. పడుకోబెడితే నేను ఉలిక్కిపడతాను. ఉలిక్కిపడితే ఉన్న వెలుతురు కూడా పోతుంది. చెప్పకపోతే ఎడమది ఉంటుంది గదా. ఎడమ కంటితో అన్నం వండవచ్చు, నమాజు చేసుకోవచ్చు, మనుషులను గుర్తుపట్టవచ్చు, గ్యాసు అతన్ని తప్ప.

సాయంత్రం ఆట చూస్తూ, మాట మార్చడానికి, "ఆ మంచు తీసెయ్యమని ఎన్నాళ్ల కిందట చెప్పినానే, ఇంకా తీయనే లేదు," అన్నాను.

సాహిరా ఆట ఆపేసింది. నావైపు తిరిగింది.

"జేజీ, నువ్వు చెప్పిన్నాడే తీసేసినా. ఈ సముద్రంలో మంచు లేదు."

అది కుర్చీ జరుపుకుని దగ్గరగా వచ్చి నా ఎడమ కంటిమీద అరచెయ్యి పెట్టింది. చల్లటి చెయ్యి. "ఇప్పుడు నా వేళ్లు ఎన్ని?" అంది.

"వేళ్లు యాడ పెట్టినావే?"

"నీ ముక్కు ముందరే ఉండాయి."

అది ఏడ్చింది. దాన్ని ఊరుకోబెట్టడానికి, పోదాంలేవే ఆసుపత్రికి, ఒకసారి పోయి ఆ డాక్టర్ని ఒక మాట అడిగి వచ్చేద్దాం అన్నాను. అడగడానికే. ఆపరేషనుకు ఒప్పుకోలేదు.

అక్టోబరు 27, సోమవారం

నెల్లూరు పోయివచ్చాం. బస్సులో షాహనాకు తల తిరిగింది, యాసీన్ మోకాలు ముడుచుకుని కూర్చోలేక నిలబడే వచ్చాడు, సాహిరా నా చెయ్యి వదల్లేదు. నాకేమీ కాలేదు, దారి పొడుగునా అడగవలసింది మనసులో అనుకుంటూ పోయాను.

డాక్టరమ్మ పేరు సుభాషిణి. చిన్నమ్మాయే. కంట్లో మందు వేసి, గడ్డం ఒక పీటమీద పెట్టించి చూసింది. చీకట్లో లైటు పట్టుకుని, "వెలుతురు ఎటునుంచి వస్తోంది అవ్వా?" అంది. పైన, కింద, పక్కన, అన్నీ చెప్పాను. అవన్నీ సరిగ్గా చెప్పానట, అది మంచిదట. కుడి కంట్లో శుక్లం పూర్తిగా ముదిరిపోయిందట. ఇంకా నానబెడితే లోపల ఒత్తిడి పెరిగి, ఆ తర్వాత ఆపరేషన్ చేసినా చూపు రాదట. ఎడమదానికి కూడా మొదలైందట.

అప్పుడు అడిగాను. "నేను ఉలిక్కిపడే మనిషినమ్మా. నువ్వు గురి చూసుకున్నాక నేను కదిలితే?"

యాసీన్ సిగ్గుపడి, "అమా!" అన్నాడు. డాక్టరమ్మ మాత్రం కుర్చీ ముందుకు లాక్కుంది.

"కంటి పక్కన సూదిమందు ఇస్తాం అవ్వా. కన్ను కదలదు, నొప్పి తెలియదు. తల ఒక్కటి మీరు కదపకుండా ఉంటే చాలు. దగ్గు వచ్చినా, తుమ్ము వచ్చినా, భయం వేసినా నోటితో చెప్పండి. నేను చెయ్యి ఆపేస్తాను. చెప్పకుండా మాత్రం కదలొద్దు."

సాహిరా నా చెవిలో, "దగ్గరికి పోయి కొట్టేదే జేజీ. పైగా ఓడ నిలబడి ఉంటాది," అంది. నిజమే. అదీగాక ఓడే కేకేసి నేను తిరుగుతున్నానహో అని చెబితే, ఇంక గురి ఎందుకు తప్పుతుంది?

అయినా ఇంకొకటి అడిగాను. "నీకు ఎప్పుడన్నా తప్పినాయా అమ్మా?"

నర్సు నావైపు కోపంగా చూసింది. డాక్టరమ్మ చేతిలో లైటు పక్కన పెట్టి, "కొందరికి నేను అనుకున్నంత చూపు రాలేదవ్వా. ఒకావిడ సంగతి నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది," అంది.

ఒక్కటి కూడా తప్పలేదని ఉంటే అక్కడే లేచి బస్సెక్కేదాన్ని. సాహిరా ఎన్ని పోగొట్టుకుందో నేను పక్కనుండి చూశాను గదా. ఒక్కటీ పోలేదనేవాళ్లకు గురి చూసిపెట్టేది కంప్యూటరే.

తారీకు ఇమ్మంటే, ఇంటికి పోయి చెబుతానన్నాను. యాసీన్ బస్సులో నాకు దూరంగా పోయి నిలబడ్డాడు.

అక్టోబరు 30, గురువారం

వాన. పడవలు ఒడ్డునే ఉన్నాయి. ఈసారి రెండు కళ్లతో చూసి చెబుతున్నాను.

కదలకుండా పడుకోవడం నేర్చుకుంటున్నాను. సాహిరా గదిలో చాప వేసుకుని, ముఖంమీద తెల్లగుడ్డ కప్పుకుని పడుకుంటాను. నాగులమ్మ చెప్పింది, గుడ్డ కప్పుతారట. అది ఆట ఆడుతూ ఉంటుంది. టార్పెడో వదిలి, "వదిలినా జేజీ," అంటుంది. అప్పటినుంచీ మోత వినబడేదాకా నేను కదలకూడదు. మోతకు కూడా కదలకూడదు.

మొదటిసారి మోతకు ముందే లేచి కూర్చున్నాను. రెండోసారి కాలు విదిలించాను, పక్కన ఉన్న నీళ్లచెంబు ఒరిగింది. షాహనా వచ్చి, గుడ్డ కప్పుకుని పడుకున్న నన్ను చూసి కెవ్వున కేకేసింది. "అత్తా! మతి ఉండాదా మీకు! నా గుండె ఆగిపోయింది!" ముందు ఆమెకు నీళ్లు తాగించాల్సి వచ్చింది.

నవంబరు 2, ఆదివారం

కదిలాను.

నవంబరు 4, మంగళవారం

ఒక సంగతి తెలిసింది. వదిలినాక మోత వచ్చేదాకా ఉండే ఆ సేపే నాకు చేతకానిది. మోత కాదు. ఆ సేపట్లో నేను అన్నీ అనుకుంటాను: తగల్లేదేమో, ఓడ తిరిగిందేమో, కాపలా ఓడ వస్తోందేమో, అన్నం మాడుతోందేమో, యాసీన్ బండి జారిందేమో. అన్నీ అయ్యేలోపల కాలు దానంతట అదే కదులుతుంది.

సాహిరాను అడిగాను. "నువ్వు ఆ సేపు ఏం అనుకుంటావే?"

"ఓడని చూస్తుంటా."

"నాకు గుడ్డ కప్పుంటే ఏం చూసేది?"

అది ఆలోచించింది. "నీకు తెలిసినోళ్లందర్నీ అడుగు జేజీ. బాగుండారా అని. నువ్వు ఎప్పుడూ చేసేదే గదా."

నవంబరు 6, గురువారం

సాయంత్రం మళ్లీ పడుకున్నాను. గుడ్డ కప్పుకున్నాను. చాలా దూరంనుంచి కొడుతున్నానంది సాహిరా, ఆలస్యమవుతుందంది. "వదిలినా జేజీ."

యాసీన్ బాగున్నాడా? బాగున్నాడు, మోకాలికి పట్టీ కట్టుకున్నాడు. షాహనా బాగుందా? బాగుంది, నేను ఒప్పుకుంటానేమోనని రోజూ నా ముఖం చూస్తోంది. సాహిరా బాగుందా? బాగుంది, మెడ కూడా తిరుగుతోంది. నాగులమ్మ? జిలేబీ మానలేదు. మేకపిల్ల? షాహనా ఆరేసిన జాకెట్టు కూడా నమిలింది. డాక్టరమ్మ బాగుందా? ఆమెకు గుర్తొచ్చే ఆ ఒకావిడ బాగుందా? ఇంక ఎవరున్నారు? అందరూ అయిపోయారు, మోత ఇంకా రాలేదు. అప్పుడు బీజాన్ బాగుందా అని అడిగాను. ఆ మనిషిని నేను ఏ ఉత్తరంలోనూ అడిగింది లేదు, మేము ఇక్కడ క్షేమం అని రాసి వదిలేసేదాన్ని. బాగాలేదు, ఒక కన్ను కనబడదు, చాలా భయంగా ఉంది అంది. సరే, ఉండు అన్నాను.

ఎంతసేపు ఉన్నానో తెలియదు. మోత రాలేదు.

"ఒరిగిందా?" అని గుడ్డ కిందనుంచే అడిగాను.

"తప్పింది జేజీ. ముక్కు ముందరగా పోయింది. వేగం ఎక్కువ లెక్కేసినా," అంది సాహిరా. కుర్చీ నావైపు తిప్పుకుని, "కానీ నువ్వు కదల్లేదు," అంది.

ఓడ తన దారిన తాను పోయింది. పోనీ. నేను గుడ్డ తీసి కూర్చుని, "మీ నాయన్ని పిలువు," అన్నాను.

యాసీన్ నా ముందే ఫోను చేశాడు. ఫోనులో వాళ్లు చెప్పింది గట్టిగా మళ్లీ చెప్పాడు, నాకు వినబడాలని. నవంబరు 12, బుధవారం, పొద్దున తొమ్మిదింటికి, నెల్లూరు, కుడి కన్ను.